లేత్ పనికి ఉప్పు కాగితాలు ఎలా సర్దుకోవాలి? నంబర్లన్నీ కలిసిపోతున్నాయి

పొట్టు_గది:
చిన్న షెడ్డులో ఉడ్ లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) పని. గిన్నెలు, మంచం కోళ్లు, కుంకుమ భరిణెలు, బొమ్మలు చేస్తాను. చెక్క ఎక్కువగా అంకుడు, టేకు. 80 నంబరు (గరుకు) నుంచి 600 (నున్నన) దాకా షీట్లు, అంగుళం వెడల్పు గుడ్డ రోలు, 2, 3 అంగుళాల వెల్క్రో డిస్కులు ఉన్నాయి. అన్నీ లేత్ కింద ఒకే సొరుగులో ఉంటాయి.

చింపిన ముక్క వెనక నంబరు మిగలదు, చేత్తో తడిమితే 180కీ 240కీ తేడా తెలియదు. వానాకాలం వస్తే షీట్లు చుట్టుకుపోతాయి. అన్నిటికన్నా బాధ, 320 పట్టాక కూడా అంకుడు మీద అక్కడక్కడ లోతు గీతలు కనిపిస్తున్నాయి. బీరువా పెట్టే చోటు లేదు, గోడ మీద మూడడుగుల జాగా ఉంది. ఎలా సర్దమంటారు?

చెక్క_చక్రం:
ముందు ఆ గీతల సంగతి చూడండి, సర్దడం దాన్ని బట్టే ఉంటుంది. పి80 (వెనక "పి" అని ఉండే 80 నంబరు) కాగితం మీద రేణువు సుమారు 200 మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతులు), పి320 మీద 46. సొరుగులో 80 ముక్క నుంచి ఊడిన ఒక్క రేణువు 320 ముక్కకు అంటితే చాలు, మీరు ఎంతసేపు పట్టినా అది గీస్తూనే ఉంటుంది. కాబట్టి లేత్ కింద సొరుగు వద్దు. పొట్టు, దుమ్ము పడేది కూడా అక్కడే. ఆ సొరుగులో కలిసి ఉన్న 240, అంతకన్నా నున్నటి ముక్కలన్నీ పారేయండి. 80, 120 ముక్కలు దులిపి వాడుకోవచ్చు.

గోడకు 6 మి.మీ. ప్లైవుడ్‌తో నిలువుగా అరలు కట్టండి. లోపలి వెడల్పు 3 అంగుళాలు, లోతు 5, ఎత్తు అంగుళంన్నర. అడుగు అరలో 80, పైకి వెళ్లేకొద్దీ 120, 180, 240, 320, 400, 600. రేణువులు రాలితే కిందికే రాలతాయి, అందుకని గరుకు ఎప్పుడూ కిందే ఉండాలి. దీన్ని తిరగేసి కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, అందంగా ఉంటుంది కానీ పనికిరాదు. అరలు లేత్ హెడ్‌స్టాక్ (చెక్కను తిప్పే తల భాగం) వెనక కాకుండా పక్క గోడకు బిగిస్తే పొట్టు పడదు.

నంబరు పోకుండా ఉండాలంటే చింపకముందే గుర్తు పెట్టాలి. షీటు 9×11 అంగుళాలు. వెనకవైపు 11 అంగుళాల పొడవునా, సగానికి అటొకటి ఇటొకటి రంగు మార్కర్ గీతలు గీయండి. 80కి నలుపు, 120కి ఎరుపు, 180కి నీలం, 240కి ఆకుపచ్చ. 320కి జంట ఎరుపు, 400కి జంట నీలం, 600కి జంట ఆకుపచ్చ. తర్వాత ఎన్ని ముక్కలైనా ప్రతి ముక్క మీదా రంగు ఉంటుంది.

చింపడానికి కత్తెర వద్దు, మొండిబారుతుంది. చెక్క పలక మీద 12 అంగుళాల హ్యాక్‌సా బ్లేడును రెండు చివర్లా స్క్రూలతో బిగించి, కింద ఒక్కో వాషర్ వేస్తే కాగితం దూరే సందు వస్తుంది. పళ్ల అంచు నుంచి నాలుగున్నర, ఐదున్నర, రెండుముప్పావు అంగుళాల దగ్గర పలక మీద గీతలు గీసి పెట్టుకోండి. గరుకు వైపు కిందికి పెట్టి, పైకి లాగితే తిన్నగా చిరుగుతుంది. ముందు 11×4½ రెండు, వాటిని సగానికి, మళ్లీ సగానికి: మొత్తం ఎనిమిది ముక్కలు, ఒక్కొక్కటి 2¾×4½. దాన్ని గరుకు బయటికి ఉండేలా మూడు మడతలు వేయండి. రెండు మడతలైతే వేళ్ల మధ్య జారుతుంది. మూడైతే లోపలి గరుకు కాగితం వీపును పట్టుకుంటుంది, వేడి కూడా వేలికి అంత త్వరగా తగలదు.

మైక్రాన్_చూపు:
పైన చెప్పినదానికి ఒక్కటి కలపాలి. వెనక "పి" అక్షరం ఉన్న షీట్లు, లేని షీట్లు ఒకే అరలో పెట్టకండి. పి ఉన్నది యూరప్ కొలత, లేనివి చాలావరకు అమెరికా కొలతలో వస్తాయి. 180 దాకా పెద్ద తేడా ఉండదు. కానీ పి లేని 320 దాదాపు పి400తో సమానం, పి లేని 400 దాదాపు పి800. పి240 తర్వాత పి లేని 400 పట్టారంటే మధ్యలో పెద్ద మెట్టు దాటేసినట్టే, పాత గీతలు అలాగే మిగులుతాయి. షాపులో ఏది దొరికితే అది తెచ్చుకునేవాళ్లకు ఇదే అసలు తంటా.

నలుపు రంగు వాటర్ పేపర్ కూడా వేరుగా పెట్టండి. అది సిలికాన్ కార్బైడ్. దాని నల్ల పొడి అంకుడు లాంటి తెల్ల చెక్క రంధ్రాల్లో కూరుకుని బూడిద రంగు మరకలా కనిపిస్తుంది. తెల్ల చెక్కకు అల్యూమినియం ఆక్సైడ్ చాలు.

ఒక నంబరు అయ్యాక లేత్ ఆపి, అదే ముక్కతో చెక్క పోగు వెంట చేత్తో నాలుగుసార్లు రుద్ది, గుడ్డతో తుడిచి తర్వాతి నంబరుకు వెళ్లండి. అరలు ఎంత బాగా కట్టినా ఇది మానేస్తే ఫలితం ఉండదు.

తీరం_వడ్రంగి:
వానాకాలానికి: కాగితం వీపు తేమ పీలుస్తుంది, రెజిన్ (జిగురు) ఉన్న గరుకు వైపు పీల్చదు. వీపు సాగి షీటు గరుకు వైపుకు చుట్టుకుంటుంది. గోడ అరల్లో వారానికి సరిపడా ముక్కలే ఉంచండి. మిగతా షీట్లు నంబరు వారీగా జిప్ కవర్లలో వేసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి, పైన ప్లైవుడ్ పలక బరువు పెట్టండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. సిమెంటు నేల మీద మాత్రం పెట్టకండి. ఇప్పటికే చుట్టుకున్నవాటిని వీపు వైపు బల్ల అంచుకు ఆనించి లాగితే సర్దుకుంటాయి, మడత దగ్గర రేణువులు రాలడమూ తగ్గుతుంది.

డిస్కులు: కొత్తవి వాటి పెట్టెల్లోనే ఉండనివ్వండి. సగం వాడినవాటికి ఒక పలక మీద వెల్క్రో కొక్కేల పట్టీ అంటించి, నంబరు రాసి, అక్కడే నొక్కి పెట్టండి. డిస్కు అంటించే ప్యాడ్ కొక్కేలు ప్లాస్టిక్, వేడికి ముందు అంచున కరుగుతాయి. అందుకే మధ్యలో పల్చటి ఫోమ్ ప్యాడ్ వాడితే పోయినా అదే పోతుంది. టేకు నూనె పొడి అతుక్కున్న డిస్కును క్రేప్ రబ్బరు దిమ్మతో తిరుగుతుండగా రుద్దితే శుభ్రపడుతుంది.

స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) గ్రైండర్ దగ్గర ఉంచొద్దు, రవ్వ పడితే అంటుకుంటుంది. దాని పీచులు తుమ్మ లాంటి చెక్కలో చిక్కి తడి తగిలితే నల్ల మచ్చలు. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలు ఉప్పు కాగితాల డబ్బాలో కుక్కకండి, వాటంతట అవే వేడెక్కి కాలతాయి. బయట విడివిడిగా ఆరేయాలి. ఏటికొప్పాక పద్ధతిలో లక్క పట్టించేవాళ్లయితే మెరుపుకు వాడే మొగలి ఆకు పూర్తిగా వేరే చోట ఉండాలి. ఆకుకు ఒక్క రేణువు అంటినా లక్క మీద చుట్టూ గీత పడుతుంది.

పొట్టు_గది:
చాలా థాంక్స్ అండీ. గుడ్డ రోలు సంగతి? సగం గుండ్రంగా ఉన్న గాడుల్లో అదే వాడుతున్నాను.

చెక్క_చక్రం:
రోళ్లను కర్ర కడ్డీకి గుచ్చి అరల పక్కనే బిగించండి, కింద మళ్లీ హ్యాక్‌సా బ్లేడు. ఆరంగుళాలకు మించి చింపకండి. పొడుగు ముక్కను వేలికి గానీ పనికి గానీ చుట్టి పట్టకూడదు. కాగితమైతే చిరుగుతుంది, గుడ్డ చిరగదు, వేలిని లాక్కుపోతుంది. టూల్ రెస్ట్ (ఉలి ఆనించే కమ్మీ) తీసేసి, పని కింది వైపు నుంచి రెండు కొసలూ వదులుగా పట్టుకోండి.