పదవీ విరమణ తర్వాత ఆరోగ్య బీమా: కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి సొంత పాలసీకి ఎలా మారాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు సంస్థలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న నేను, 58 ఏళ్లు నిండడంతో వచ్చే మార్చి నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్నాను. ఇన్నాళ్లూ మా కుటుంబానికి కంపెనీ ఇచ్చిన 5 లక్షల రూపాయల గ్రూప్ పాలసీయే ఆధారం. నా భార్యకు షుగర్, నాకు బీపీ ఉన్నాయి. మాతోనే ఉంటున్న అమ్మకు 74 ఏళ్లు. చివరి పనిదినంతో పాలసీ ఆగిపోతుందని హెచ్‌ఆర్ విభాగం వారు చెప్పారు. కొత్తగా పాలసీ తీసుకుంటే ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ రాదని ఒక ఏజెంటు అంటున్నారు. అదే నిజమైతే ఇన్నేళ్ల బీమాకు విలువ లేనట్టేనా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

విలువ ఉందండి. అయితే మీరు ఉద్యోగంలో ఉండగానే కదలాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, గ్రూప్ పాలసీలో ఉన్న సభ్యులు అదే బీమా కంపెనీ వారి వ్యక్తిగత పాలసీలోకి లేదా కుటుంబమంతా ఒకే బీమా మొత్తాన్ని పంచుకునే ఫ్యామిలీ ఫ్లోటర్‌లోకి మారవచ్చు. దీనినే మైగ్రేషన్ అంటారు. ఇలా మారినప్పుడు, మీరు విరామం లేకుండా బీమాలో ఉన్న కాలాన్ని వెయిటింగ్ పీరియడ్ (ఆ ఏజెంటు చెప్పిన, క్లెయిమ్ రాని కాలం) నుంచి మినహాయిస్తారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదని 2024లో నిబంధన మార్చారు కాబట్టి, మీకు అంతకంటే ఎక్కువ కాలపు కవరేజీ ఉంటే మీ భార్య షుగర్‌కు మళ్లీ నిరీక్షించవలసిన అవసరం రాదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఈ మినహాయింపు పాత బీమా మొత్తానికే, అంటే మీ విషయంలో 5 లక్షలకే వర్తిస్తుంది. మీరు 10 లక్షలకు పెంచుకుంటే పెరిగిన భాగానికి వెయిటింగ్ పీరియడ్ కొత్తగా మొదలవుతుంది. రెండవది, గ్రూప్ నుంచి మారేవారి ఆరోగ్యాన్ని పరిశీలించి నిర్ణయం తీసుకునే హక్కు కంపెనీకి ఉంది. అందుకే చివరి వారం దాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, గ్రూప్ పాలసీలో ఏ సంవత్సరం నుంచి ఉన్నారో తెలిపే ధ్రువపత్రాన్ని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యోగం వదిలాక ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలనుకుంటున్నాను. మీ కంపెనీకి గ్రూప్ పాలసీ ఇచ్చిన సంస్థ వ్యక్తిగత పాలసీలు మీకు నచ్చకపోవచ్చు. గది అద్దెపై పరిమితి, ప్రతి బిల్లులో కొంత శాతం మనమే భరించవలసిన కో-పే వంటి షరతులు గ్రూప్ పాలసీలో కనిపించకపోయినా, వ్యక్తిగత పాలసీలో ఉండవచ్చు. అలాంటప్పుడు కూడా ముందు అదే సంస్థలోకి మారి, రెన్యువల్ సమయంలో పోర్టబిలిటీ ద్వారా మరో సంస్థకు వెళ్లడమే క్షేమం. మధ్యలో ఖాళీ రానివ్వకూడదు. ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్ రెండూ తప్పక రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచమని ఎవరు చెప్పినా వినవద్దు, ఎందుకంటే క్లెయిములు ఎక్కువగా చిక్కుల్లో పడేది అక్కడే.

అమ్మగారిని కూడా మీతోపాటు మార్చమని అడగండి. దానితో సంబంధం లేకుండా, 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయ పరిమితి లేకుండా మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆమెకు ఆధార్‌తో తీసుకోండి. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఆ పథకంలో చేరిన ఆసుపత్రులలో చికిత్స లభిస్తుంది. ప్రైవేటు బీమా ఉన్నా దీనికి అర్హత పోదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెన్షన్ తక్కువ కాబట్టి ప్రీమియం భారమే నన్ను కలవరపెడుతోంది. 5 లక్షలు ఈ రోజుల్లో చాలవు, పెద్ద పాలసీకి స్తోమత లేదు. మధ్యేమార్గం ఏదైనా ఉందా?

మూడవ సమాధానం

ఉందండి. మూల పాలసీని 5 లక్షలకే ఉంచి, దానిపై సూపర్ టాప్-అప్ తీసుకోండి. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చులన్నీ కలిపి ఒక నిర్ణీత మొత్తం దాటాకే అది పనిచేస్తుంది కాబట్టి ప్రీమియం తక్కువగా ఉంటుంది. మామూలు టాప్-అప్ మాత్రం ప్రతి క్లెయిమునూ విడిగా లెక్కిస్తుంది. ఆసుపత్రిలో రెండుమూడుసార్లు చేరవలసి వస్తే ఉపయోగపడకపోవచ్చు. సూపర్ టాప్-అప్‌కూ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, కాబట్టి ఇప్పుడే తీసుకుంటే ఆ కాలం ఇప్పటినుంచే గడవడం మొదలవుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ తొలగించారు. 60 ఏళ్లు దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే సంస్థలు ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు. మీరు పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే ఆరోగ్య బీమా ప్రీమియానికి పన్ను మినహాయింపూ ఉంది. కంపెనీ నుంచి వచ్చే చివరి మొత్తంలో రెండేళ్ల ప్రీమియానికి సరిపడా విడిగా డిపాజిట్ చేసుకోండి, రెన్యువల్ తేదీ ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు.