అన్నయ్యతో పొలం తగాదా: కోర్టుకు వెళ్లకుండా సమాధానపడే మార్గం చెప్పగలరా?

మా నాన్నగారు వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. ఆయన పేరున ఉన్న రెండెకరాల మాగాణిలో చెల్లెలికి వాటా లేదని అన్నయ్య అంటున్నారు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, మా వంటి క్రైస్తవ కుటుంబాల్లో అమ్మకు మూడో వంతు పోగా మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుందని చెప్పినా ఆయన వినలేదు.

సహోదరులు వ్యాజ్యమాడడం కంటె అన్యాయం సహించడమే మేలన్న పౌలు మాట (1 కొరింథీ 6) నన్ను ఆపుతోంది. భూమి విషయంలో అబ్రాహాము తన సహోదరుని కుమారుడైన లోతును ముందుగా కోరుకోమన్నట్లు నా వాటా నేను వదులుకోగలను. కానీ చెల్లెలి వాటాను వదిలేసి దానికి ప్రేమ అని పేరు పెట్టే హక్కు నాకు ఉందా?

మత్తయి 18లో ఉన్నట్లు ఒంటరిగా రెండుసార్లు మాట్లాడాను. ఇద్దరు సాక్షులను తీసుకెళ్దామంటే సంఘపెద్దలు వదినగారి బంధువులే. దావా వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీపడవచ్చనీ, ఆ తీర్పుపై అప్పీలు ఉండదనీ తెలుసు. అయితే అన్నయ్యకు నోటీసు అందితే, ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర మేము మళ్లీ కలిసి నిలబడగలమా అన్నదే నా భయం. ఇలాంటి స్థితిలో రాజీ కుదుర్చుకున్నవారు ఎవరిని మధ్యవర్తిగా పెట్టుకున్నారో, మొదటి మాట ఎలా కదిపారో దయచేసి తెలియజేయగలరు.