క్యోటో దగ్గర చెక్క అతుకులు చేయించి నేర్పే చోటు ఉందా?

నవంబరు 10 నుంచి 17 వరకు క్యోటోలో ఉంటాను. మేకు లేకుండా రెండు చెక్కలను కలిపే జపాను అతుకు ఒక్కటైనా నా చేత్తో కోసి బిగించాలని ఎంతో కోరిక. రెండు నెలలుగా నాలుగు కార్యశాలలకు రాశాను. రెండింటి నుంచి జవాబే లేదు. ఒకరు జపనీస్ రానివారిని తీసుకోబోమన్నారు. నాలుగోవారు గంటలో చాప్‌స్టిక్స్ చేయిస్తామన్నారు. అందులో చిత్రిక పట్టడమే తప్ప కుసి (చెక్క కొసన కోసిన నాలుక), బెజ్జం (అది దూరే రంధ్రం) ఊసే లేదు. కోబేలోని తకెనాకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం ఎలాగూ చూస్తాను, కానీ చూసినంత మాత్రాన నా ఆశ తీరదు.

ఉలి పని నాకు వచ్చు. జపాను రంపం మనవైపు లాగినప్పుడే కోస్తుంది కాబట్టి, ఒకటి తెప్పించుకుని సాధన చేశాను. నెట్టే అలవాటుకు మొదట్లో సన్నటి రేకు వంగిపోయేది. ఇప్పుడు గీత తప్పడం లేదు.

ఖాళీగా ఉండేది 13, 14 తేదీల్లో. ఒక్కడినే. 30,000 యెన్ల వరకు పెట్టగలను. తకయామా వరకైనా వెళ్తాను. పూర్వం పన్నుకు బదులు వడ్రంగులను రాజధానికి పంపిన హిదా సీమ అది.

జపనీస్ రాని ప్రయాణికుడితో ఒక్క రోజులో కుసి, బెజ్జం అతుకు చేయించే కార్యశాల, మీరు స్వయంగా వెళ్లి వచ్చినది, ఏదైనా ఉందా?