అప్‌డేట్: శీలావతి పిల్లల మేతలో ఎంఓఎస్

నర్సరీ చెరువులో శీలావతి, బొచ్చె పిల్లలకు కట్టే చిల్లుల సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్కతో పాటే ప్రీబయాటిక్ (పేగులోని మంచి బ్యాక్టీరియాకు మేతయ్యే పదార్థం) కలపొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వద్దని జవాబిచ్చిన అన్నల మాటే సరైంది. ఇనులిన్, ఎఫ్‌ఓఎస్ అనే ప్రీబయాటిక్‌లు నీటిలో కరిగిపోతాయి. ఈస్ట్ కణాల గోడ నుంచి తీసే ఎంఓఎస్ అనే ప్రీబయాటిక్ అంతగా కరగదు గానీ, పొడి మేత నుంచి విడిపోయి నీళ్లపాలవుతుంది.

ఇప్పుడు ఎంఓఎస్‌ను క్రంబుల్ మేతకు (చిన్న రవ్వల్లా ఉండే మేత) పూతలా పట్టిస్తున్నాం. కిలో మేతకి 2 గ్రాముల ఎంఓఎస్. దాన్ని 40-50 మి.లీ. పల్చటి గంజిలో ఉండలు లేకుండా కలపాలి. గంజి పూర్తిగా చల్లారాలి, లేదంటే మేత ముద్దవుతుంది. చేత్తో చిలకరించి కలిపి, అరగంట నీడన ఆరబెట్టి, పైన 10 మి.లీ. నూనె పట్టించాలి. ఏ పూటది ఆ పూటే కలపాలి. తడి తగిలిన మేత నిల్వ ఉంచితే బూజు పడుతుంది, ఆ విషం ముందు కాలేయాన్నే దెబ్బతీస్తుంది.

సంచి మేత కూడా నడుస్తుంటే మోతాదు మొత్తం మేత మీద లెక్కకట్టండి. సగం మేతకే పూత వేస్తే చేపకు అందేది కిలోకి 1 గ్రామే.

ఫలితం తెలియాలంటే అదే బ్యాచ్ పిల్లలున్న, ఎంఓఎస్ వేయని చెరువు పక్కన ఉండాలి. వారానికోసారి రెండింట్లో సగటు బరువు తూచాలి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే చెరువులో మాత్రం ముందు ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) కొనండి, ఈ పొడి తర్వాత.