తాతగారి వెబ్లీ పిస్తోలుకు నికెల్ పూత వేయించమంటున్నారు, వేయించవచ్చా?

కోటగట్టు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, కోటకు కూతవేటు దూరంలో ఇల్లు. మా తాతగారు గోగునార వర్తకులు. పార్వతీపురం, సాలూరు సంతలకు డబ్బు మూటతో తెల్లవారుజామునే బండి కట్టించేవారు. దారి భయానికి 1938లో మద్రాసు నుంచి ఒక పిస్తోలు తెప్పించుకున్నారు. వెబ్లీ అండ్ స్కాట్ అనే ఇంగ్లండు కంపెనీది, .32 ఆటోమేటిక్ (.32 అంటే గొట్టం లోపలి కొలత, అంగుళాల్లో). ఆయన దాన్ని ఒక్కసారే పేల్చారట, అదీ మామిడితోటలో కోతుల్ని బెదిరించడానికి.

తాతగారి తరవాత నాన్నగారి పేరుకు లైసెన్సు మారింది. నాన్నగారు పోయిన ఏడాది కాలం చేశారు. పిస్తోలును లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో డిపాజిట్ చేసి, వారసుడిగా నేను దరఖాస్తు పెట్టుకున్నాను. తమ్ముడు సంతకం చేశాడు, పేచీ లేదు.

పేచీ అంతా మా బావగారితో. నల్లగా, అక్కడక్కడా గోధుమరంగు తిరిగి, ముసలి ఏనుగు చర్మంలా ఉన్న దాన్ని ఎవరు కొంటారు, నికెల్ పూత వేయిస్తే ధర రెట్టింపు అవుతుందని ఆయన వాదన. ఒక మధ్యవర్తి ఉన్నదున్నట్టుగా మూడు లక్షలు అన్నాడు. పదేళ్లు ఉంచితే ఇంకా పెరుగుతుందా? పూత వేయించాలా, వద్దా? తెలిసినవారు చెప్పండి.

పాత ఆర్మరర్ (శ్రీకాకుళం):

కోటగట్టు గారూ, ముందు ఆ నికెల్ ఆలోచన కట్టిపెట్టండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముప్పై ఒక్క ఏళ్లు ఆయుధాగారంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా చేతికి వచ్చిన పాత పిస్తోళ్లలో తుప్పు పట్టి చెడినవాటికన్నా ముద్దు చేసి చెడగొట్టినవే ఎక్కువ. బుడితి ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే ఆ ఇల్లాలికి పేరు వస్తుంది. పిస్తోలును తోమితే దాని పేరే పోతుంది. నికెల్ పట్టాలంటే ముందు ఉక్కును తిరిగే చక్రం మీద నున్నగా అరగదీస్తారు. ఆ అరుగుదలలో కంపెనీ పేరు, నంబరు, బర్మింగ్‌హామ్‌లో పేల్చి పరీక్షించి కొట్టిన కిరీటం ముద్రలు అన్నీ మొద్దుబారిపోతాయి. కొనేవాడు భూతద్దం పట్టుకుని మొదట చూసేది వాటినే. అంచులు గుండ్రబడ్డాయంటే ఇక మాట్లాడడు. మీరు వంక పెడుతున్న ఆ గోధుమరంగు, ఫ్యాక్టరీ వేసిన నీలిపూత ఎనభై ఏళ్లకు పైగా బతికి ముసలిదైన గుర్తు. దాన్ని మళ్లీ పుట్టించడం ఎవరి వల్లా కాదు.

దుకాణానికి వెళ్లినప్పుడు కొన్ని చూడండి. పిడి మీది నల్లటి పలకలు పాతవేనా? తూటాలు పెట్టే మ్యాగజైన్ దానితో వచ్చినదేనా? కిరీటం కింద ఎం.పి. అనే అక్షరాలు ఉన్నాయా? లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1911లో ఈ .32 పిస్తోలును తీసుకున్నారు. వాళ్ల ముద్ర ఉన్నదాన్ని సేకరించేవాళ్లు వేరుగా చూస్తారు. జర్మన్ లూగర్ పిస్తోలుకైతే చిన్న చిన్న భాగాల మీద కూడా నంబరు చివరి అంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర, ఒక్కటి తప్పినా మరో ధర.

ఇక అసలు సంగతి. మీ మధ్యవర్తి చెప్పిన మూడు లక్షలు వయసుకు కట్టిన ధర కాదు, కరువుకు కట్టిన ధర. 1980ల నడిమి నుంచి మామూలు లైసెన్సుదారులు విదేశీ పిస్తోళ్లు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతూ వచ్చాయి. పైగా .32 మామూలు లైసెన్సు మీద ఉంచుకోదగ్గ సైజు. అదే 9 మిల్లీమీటర్ల లూగర్ అయితే ఇక్కడ నిషిద్ధ జాబితాలో పడుతుంది, విదేశంలో దానికి ఎంత ధర పలికినా మన సంతలో పనికిరాదు. బ్రిటన్‌లో 1997 చట్టం తరవాత మామూలు మనిషి పిస్తోలు ఉంచుకోవడమే దాదాపు కుదరదు. మీ పిస్తోలు పుట్టిన ఊళ్లోనే దానికి కొనేవాడు కరవు. ధర వస్తువుతో పాటు సముద్రాలు దాటదండీ.

కరువు ధరకు ఒక గుణం ఉంది, వాన పడితే దిగుతుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మనిషికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది, మూడోది వదులుకోవలసి వచ్చింది. 2020 చివర్లో వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో .32 రివాల్వర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. కేవలం ఆత్మరక్షణకు కొనేవాడు కొత్తది దొరికితే మీ తాతగారి పిస్తోలు కోసం ఎందుకు ఎగబడతాడు? కాబట్టి పదేళ్లు ఉంచితే పెరుగుతుందని నేను హామీ ఇవ్వను. నన్నడిగితే అలా ఇచ్చేవాణ్ణి నమ్మవద్దు కూడా.

తగ్గకుండా నిలిచేది ఒక్కటే, కథకు ఆధారం. అమెరికాలో బిల్లీ ద కిడ్ అనే బందిపోటును పాట్ గారెట్ కాల్చిన కోల్ట్ రివాల్వరు 2021 వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అదే రకం కోల్ట్‌లు ఎన్నో ఉన్నాయి, ఆ ఒక్కదానికే ఆ కథ, ఆ కాగితాలు. అలహాబాద్ మ్యూజియంలో ఉన్న చంద్రశేఖర్ ఆజాద్ పిస్తోలు కూడా అంతే. కోల్ట్ 1903 నమూనా, లక్షల్లో తయారైన సరుకు. ఆజాద్ చెయ్యి తగలకపోతే అది ఎవరింటి బీరువాలోనో ఉండేది. మీ తాతగారు ఆజాద్ కారు, కోపగించుకోకండి. కానీ మద్రాసు బిల్లు, పాత లైసెన్సు పుస్తకం, తోలు ఒర, వచ్చిన పెట్టె, వీటిలో ఏది దొరికినా పారేయకండి.

ఒర దొరికితే మాత్రం పిస్తోలును అందులో పెట్టవద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన మందులు ఉక్కును తింటాయి. కళింగపట్నం సముద్రపు గాలికి ఒరలోనే పుండ్లు పడిన పిస్తోళ్లను చూశాను. మెత్తటి గుడ్డ, పల్చటి గన్ ఆయిల్ చాలు. కొబ్బరినూనె తలకు రాసుకోండి.

బొబ్బిలి కోడలు:

పైన చెప్పింది అక్షరాలా నిజం, మా ఇంట్లోనే జరిగింది. మా మామగారికి బెల్జియం బ్రౌనింగ్ పిస్తోలు ఉండేది, .32. పెద్దమ్మాయి పెళ్లికి ముందు, చుట్టాలకు చూపించుకోవాలని తళతళలాడే పూత వేయించి, పిడికి ఏనుగు దంతం పలకలు బిగించారు. చూడడానికి పెళ్లికొడుకులా ఉండేది. తీరా అమ్మబోతే దుకాణదారు తిప్పి కూడా చూడకుండా, పూత వేసినదానికి ఇంతే అని సగానికి తగ్గించాడు. దంతం అమ్మడం నేరమని అప్పుడే తెలిసింది. పాత పలకల కోసం ఇల్లంతా వెతికాం. మా ఆడపడుచు చిన్నప్పుడు వాటితో తొక్కుడుబిళ్ల ఆడుకుందట!

రాజాం కుర్రాడు:

నాదొక సందేహం. వందేళ్లు దాటితే పురాతన వస్తువు కదా, లైసెన్సు అక్కర్లేదంటారు. అప్పుడు అమెరికాలో కలెక్టర్లకు అమ్ముకోవచ్చు కదా?

పాత ఆర్మరర్ (శ్రీకాకుళం):

బాబూ, ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయించింది పాతబడి, బాగుచేసినా పేలని ఆయుధాన్ని. పుట్టినతేదీ చూసి వదలదు. పేలే పిస్తోలుకు నూట యాభై ఏళ్లున్నా లైసెన్సు ఉండాలి. ఇక వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అమెరికా కలెక్టరు సేకరించేవాడు, మన కలెక్టరు సంతకం పెట్టేవాడు. నీకు ముందు కావలసింది రెండో ఆయన.

కోటగట్టు గారూ, మీరు అమ్మేటట్టయితే లైసెన్సున్న మనిషికే, అదీ 45 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి. ఫొటో తీసి ఫోనులో బేరాలు పెట్టకండి.

కోటగట్టు (విజయనగరం):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అటక మీది ఇనప్పెట్టె దింపించాను. ఒర లేదు, పెట్టె లేదు. కానీ పెళ్లిశుభలేఖల కట్ట అడుగున తాతగారి లైసెన్సు పుస్తకం దొరికింది. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో కదా, ఆ పుస్తకంలో మనది విశాఖపట్నం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ! పిస్తోలు నంబరు సిరాతో రాసి ఉంది. కొన్న కారణం అన్నచోట 'నార వ్యాపార నిమిత్తం నగదు రవాణా' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. మద్రాసు దుకాణం బిల్లు మడత పెట్టి అందులోనే ఉంది, ఒక మూల చెదలు తిన్నాయి.

పుస్తకం పట్టుకుని దుకాణానికి వెళ్లి నంబరు సరిచూశాను, కలిసింది. ఎం.పి. ముద్ర లేదు. మ్యాగజైన్ పాతదే. పలకల్లో ఒకదానికి సన్నటి పగులు ఉంది, అది కోతుల నాటిదేమో.

లైసెన్సు వస్తే ఉంచుకుందామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. మధ్యవర్తికి ఫోను చేసి వద్దన్నాను, మూడున్నర అన్నాడు. బావగారికి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆయన నికెల్ పూతవాడికి ఐదు వందలు అడ్వాన్సు ఇచ్చేశారట.

ఆర్మరర్ గారూ, చివరగా ఒకటి. చెదలు తిన్న ఆ బిల్లును అట్టకు అతికించవచ్చా, లేక దాన్నీ ముట్టుకోకూడదా?

పాత ఆర్మరర్ (శ్రీకాకుళం):

జిగురు తాకించవద్దు. ఆమ్లం లేని కాగితం కవరులో వదులుగా పెట్టి, పుస్తకానికి విడిగా ఉంచండి. బావగారి ఐదు వందలకు వాళ్లింట్లో ఇత్తడి బిందెలకు పూత వేయించమనండి.