ఆడపడుచులు ఆస్తి వాటా వదులుకునే తీరు గురించి మీకు తెలిసింది చెప్పగలరా?

చట్టం నిత్యజీవితంలో ఎలా నడుస్తుందన్న అంశంపై నేను పరిశోధన చేస్తున్నాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన వాటా కల్పించిన హిందూ వారసత్వ చట్ట సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవారిని అది మినహాయించగా, 2005 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది. కుమార్తెకు ఈ వాటా దక్కాలంటే 2005 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో నేను చూసింది వేరు. తమ్ముడు పెట్టిన కొత్త చీర కట్టుకొని వచ్చిన ఒక పెద్దావిడను, హక్కు విడుదల దస్తావేజు చదివి వినిపించమంటారా అని లేఖరి అడిగితే, "ఎందుకు నాయనా, నాకు పుట్టింటి గడప ఉంటే చాలు" అంటూ వేలిముద్ర వేసింది. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆవిడకు లెక్క బాగానే తెలుసనిపించింది.

మీ ఇళ్లలో ఇలాంటి సంతకాలు జరిగినప్పుడు ఆ మాట మొదట ఎవరు ఎత్తారు, ప్రతిఫలంగా సొమ్ము ముట్టిందా లేక సారె చీరలతో సరిపెట్టారా, పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలాన్ని ఆడపిల్ల పేరిట రిజిస్టరు చేయించారా అన్నది దయచేసి తెలియజేయగలరు. వాటా అడిగి తీసుకున్నవారు ఉంటే, ఆ తరువాత రాకపోకలు ఎలా ఉన్నాయో కూడా చెప్పండి. పేర్లు, ఊళ్లు అక్కరలేదు.