వంటగట్టుకి మైక్రోసిమెంట్ వేయించొచ్చా?

పెన్నా గట్టు (నెల్లూరు):
మాగుంట లేఅవుట్‌లో మాది పాత ఇల్లు. వంటగట్టు కడప బండ, సింకు పక్కన అంచు పెచ్చు లేచింది. బండ పీకితే గోడ టైల్స్ కూడా ఊడొస్తాయని మేస్త్రి భయపెడుతున్నాడు. మా అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు చూపించి మైక్రోసిమెంట్ వేయిద్దామంటాడు. అతుకు కనపడకుండా బూడిదరంగులో బాగానే ఉంది. పాత బండ మీదే పూస్తారంట. బాత్రూంలో వాష్‌బేసిన్ గట్టుకి కూడా వేయించాలని ఉంది. నా టెన్షనల్లా చేపల పులుసు గురించే. వారానికి రెండుసార్లు చేస్తాను. చింతపండు, పసుపు, పొయ్యి మీంచి దించిన వేడి దాక... వీటికి ఆగుతుందా?

చీమకుర్తి అల్లుడు (ఒంగోలు):
అక్కా, మా మామగారి ఊరు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి ఓడలెక్కి దేశాలు పోతుంటే, పక్క జిల్లాలో ఉండి మీరు సిమెంటు పూయిస్తానంటారా! నల్ల రాయి, బంగారు చుక్కలు. పులుసు ఒలికినా ఎవరికీ కనపడదు.

తాపీ చేతులు (కావలి):
ఆ పని నేను చేస్తుంటాను, అందుకే చెప్తున్నా. ఇది పలక కాదమ్మా, పూత. పొరలన్నీ కలిపినా 2, 3 మిల్లీమీటర్లే. కింద బండ కదిలితే పైన బీట వస్తుంది. పెచ్చు లేచిన చోట ఎపాక్సీ జిగురుతో నింపి, ప్రైమర్ కొట్టి, ఫైబర్ జాలీ పరిచాకే పూయాలి. మరకని ఆపేది సిమెంటు కాదు, పైన వేసే పాలీయురితేన్ సీలర్ అనే రక్షణ పూత. పులుసు ఒలికిన వెంటనే తుడిస్తే పర్లేదు, రాత్రంతా వదిలేస్తే పసుపు మచ్చ ఉండిపోవచ్చు. వేడి దాక నేరుగా పెడితే సీలర్ పాడవుతుంది. కత్తిగాటు పడితే అక్కడినుంచి తడి దిగుతుంది. కిందటేడు ఒకరింట్లో బాత్రూం గట్టు అద్దంలా చేసిచ్చాను. పనమ్మాయికి ఎవరూ చెప్పలేదు, యాసిడ్ పోసి రుద్దింది. మళ్లీ నన్నే పిలిచారు.

పెన్నా గట్టు:
మా ఇంట్లో పొయ్యి మీంచి దించిన దాకకి కింద గుడ్డ వేసేది నేనొక్కదాన్నే. మా ఆయన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తారు. సరే, బాత్రూం గట్టుకి మైక్రోసిమెంటే. యాసిడ్ సీసా ముందే దాచేస్తా. వంటగదికి గెలాక్సీ అయితే, పాత బండ పీకకుండా పైనే పరచొచ్చా తమ్ముడూ?

తాపీ చేతులు:
కింది గోడలు గట్టిగా ఉంటే పరచొచ్చు. రాయి, కింద వేసే సిమెంటు మసాలా కలిపి అంగుళం పైనే లేస్తుంది. సింకు విప్పి మళ్లీ బిగించాలి, గోడ కుళాయికి కింద బిందె పడుతుందో లేదో కొలవండి. స్టవ్ కూడా మీ ఎత్తుకి సరిపోవాలి కదా.